కామాటిపుర నుంచి హైదరాబాదు దాకా: హైబ్రిడ్ కారు, హైవే, పెట్రోలు లెక్క

హైబ్రిడ్ కారు కొన్నవారిలో చాలామందిని మొదటి దూరప్రయాణం కొంత నిరాశపరుస్తుంది. అడుగడుగునా సిగ్నళ్లు ఉన్న నగరంలో ఆశ్చర్యపడేంత మైలేజీ ఇచ్చిన బండి, ఎక్కడా ఆగనవసరం లేని నాలుగు వరసల హైవే ఎక్కగానే అంతకంటే తక్కువ ఇస్తుంది. మామూలు పెట్రోలు కారుతో ఏళ్ల తరబడి తిరిగినవారి అనుభవం ఇందుకు సరిగ్గా తలకిందులు కనుక, బండిలోనే ఏదో లోపం ఉందన్న అనుమానం కూడా కలుగుతుంది. లోపమేమీ లేదు. ఈ యంత్రానికి పొదుపు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, అందులో ఎంత భాగం హైవే మీద సహజంగానే తగ్గిపోతుందో, మిగిలిన భాగాన్ని నడిపేవారి పాదం ఎలా కాపాడుకోగలదో అర్థమవుతుంది. ముంబైలోని కామాటిపుర నుంచి పూణే, షోలాపూర్, జహీరాబాద్ మీదుగా హైదరాబాదు చేరే సుమారు 700 కిలోమీటర్ల దారి ఈ వివరణకు ఎంతో అనువైనది, ఎందుకంటే ఇరుకు గల్లీలు, సముద్రం మీది వంతెన, ఘాట్ రోడ్డు, వందల కిలోమీటర్ల పీఠభూమి అన్నీ ఒకే రోజు ప్రయాణంలో ఒకదాని వెంట ఒకటిగా ఎదురవుతాయి.

ఈ దారి ముంబై తెలుగువారికి కొత్తది కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట సముద్రపు పోటును ఆపి, ముంబై దీవుల మధ్య ఉన్న పల్లపు నేలను ఆరబెట్టిన తరువాత వెలసిన పేటల్లో కామాటిపుర ఒకటి. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వచ్చి రోడ్ల పనుల్లో, కట్టడాల పనుల్లో చేరిన కామాటీలు అక్కడ నివాసం ఏర్పరచుకున్నారు. తరువాతి కాలంలో బట్టల మిల్లుల్లో పనికి వచ్చిన పద్మశాలీలతో వర్లీ మొదలైన మిల్లు ప్రాంతాల చాళ్లలో కూడా తెలుగు వినిపించసాగింది. తరాలు గడిచినా దసరాకూ, బతుకమ్మకూ, పెండ్లిళ్లకూ, పిల్లల ఎండాకాలం సెలవులకూ ఊరికి వెళ్లిరావడం ఈ కుటుంబాల్లో ఆగలేదు. హుస్సేన్‌సాగర్, దేవగిరి రైళ్లు, తెలంగాణ జిల్లాలకు రాత్రంతా నడిచే ప్రైవేటు బస్సులు ఆ అవసరాన్ని తీరుస్తుండగా, సొంత కారు ఉన్న ఇళ్లవారు రోడ్డు దారి పడుతున్నారు. నిర్మల్, జగిత్యాల వైపు వెళ్లేవారికి కల్యాణ్ నుంచి మాల్షేజ్ ఘాట్, నాందేడ్, భైంసా మీదుగా 61వ జాతీయ రహదారి ఉంది. హైదరాబాదుకూ పాలమూరుకూ వెళ్లేవారికి పూణే నుంచి మచిలీపట్నం వరకు సాగే 65వ జాతీయ రహదారి, అంటే పాత లెక్కలో తొమ్మిదో నంబరు హైవే, దగ్గరి దారి.

హైబ్రిడ్ అంటే ఒకే కారులో పెట్రోలు ఇంజినూ విద్యుత్ మోటారూ రెండూ ఉండి, రెండూ చక్రాలను తిప్పగల ఏర్పాటు. టయోటా కంపెనీ 1997లో జపాన్‌లో ప్రియస్‌ను విడుదల చేయడంతో ఈ పద్ధతి పెద్దయెత్తున మార్కెట్‌కు వచ్చింది. భారతదేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ వచ్చినా ధర కారణంగా అది కొద్దిమందికే పరిమితమైంది. మధ్యతరగతి కొనుగోలుదారుల దాకా ఈ యంత్రం చేరింది 2022లో, హోండా సిటీ హైబ్రిడ్, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా ఒకే ఏడాదిలో రావడంతోనే. ఇవన్నీ స్ట్రాంగ్ హైబ్రిడ్లు, అంటే ఇంజిను పూర్తిగా ఆగిపోయినా కొంతదూరం మోటారుతోనే నడవగలవి. మైల్డ్ హైబ్రిడ్ అనే పేరుతో అమ్ముడయ్యే కార్లలో చిన్న మోటారు ఇంజినుకు సాయం మాత్రమే చేస్తుంది, ఒంటరిగా బండిని లాగలేదు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి మైలేజీ పోల్చడం సరికాదు. బయట ప్లగ్గుకు తగిలించి చార్జి చేసే అవసరం స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు లేదు, అందుకు వీలూ లేదు. దాని బ్యాటరీలోకి చేరే ప్రతి కొంచెం విద్యుత్తూ, అంతిమంగా, ట్యాంకులో పోసిన పెట్రోలు నుంచి పుట్టినదే.

ఈ చివరి మాటను గట్టిగా పట్టుకుంటే మిగిలినదంతా తేలికగా బోధపడుతుంది. గ్రాండ్ విటారా, హైరైడర్ కార్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ సామర్థ్యం సుమారు 0.76 కిలోవాట్ అవర్, అంటే కరెంటు బిల్లులో లెక్కించే యూనిట్‌లో ముప్పావు వంతు. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఇంజినులో వేడిగా పోతుందన్నది లెక్కలోకి తీసుకున్నా, ఈ బ్యాటరీ పూర్తిగా నిండితే చేయగలిగిన పని పావు లీటరు పెట్రోలు చేసే పనికి మించదు. పైగా బ్యాటరీ కలకాలం మన్నడం కోసం కారులోని కంప్యూటర్ దాన్ని పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు, మధ్య భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది. కనుక హైబ్రిడ్ బ్యాటరీ చాళ్‌లో పక్కింటివారితో నడిచే చేబదులు వంటిది: చిన్న మొత్తం అవసరానికి అందుతుంది, వెంటనే తీర్చాలి, దానితో సంసారం గడవదు. ఆగినప్పుడూ కదిలినప్పుడూ వృథాగా పోయే శక్తిని పట్టి ఉంచి, కొన్ని నిమిషాల్లో తిరిగి ఇవ్వడమే దాని పని. ఆగడం, కదలడం ఎంత తరచుగా జరిగితే అంత లాభం. ఒకే వేగంతో గంటల తరబడి సాగితే ఆ లాభానికి అవకాశమే తక్కువ.

అయితే హైవే మీద కూడా హైబ్రిడ్‌కు మామూలు పెట్రోలు కారు కంటే ఒక మేలు మిగిలే ఉంటుంది. ఈ కార్ల ఇంజిన్లు అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో జేమ్స్ అట్కిన్సన్ అనే బ్రిటిష్ ఇంజినీరు రూపొందించిన ఈ పద్ధతిలో, మండిన వాయువు వ్యాకోచించే దూరం, గాలి కుదించబడే దూరం కంటే ఎక్కువగా ఉంటుంది. అందువల్ల అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని రాబట్టుకోవచ్చు. నేటి కార్లలో కవాటాలు మూసుకునే సమయాన్ని జరపడం ద్వారా ఈ ఫలితాన్ని సాధిస్తున్నారు. ఇటువంటి ఇంజినుకు తక్కువ వేగంలో లాగే బలం తక్కువ, ఆ లోటును మోటారు పూరిస్తుంది. ఒంటరిగా ఉంటే ఈ ఇంజిను నడపడానికి మందకొడిగా ఉండేది, ఆ మోటారు ఒంటరిగా ఉంటే దానికి పెద్ద బ్యాటరీ కావలసి వచ్చేది.

కామాటిపుర గల్లీల్లోంచి బయలుదేరి శివడీ దాకా సాగే మొదటి కొద్ది కిలోమీటర్లలో హైబ్రిడ్ తన బలాన్నంతా చూపుతుంది. తోపుడు బండ్ల వెనుక నెమ్మదిగా కదలడం, చౌరస్తాల్లో నిలబడడం వంటి చోట్ల ఇంజిను ఆగే ఉంటుంది. ఏసీ కంప్రెసర్ కూడా విద్యుత్తుతోనే నడిచేది కనుక ఇంజిను ఆగినా చల్లదనం ఆగదు. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. సామాన్లు సర్దేంతసేపు, అందరూ మెట్లు దిగి వచ్చేంతసేపు ఏసీ వేసి బండిని నిలబెడితే బ్యాటరీ తరిగి, దాన్ని నింపడానికే ఇంజిను మళ్లీ మొదలవుతుంది. కదలని బండిలో కాలిన ఆ పెట్రోలుకు ఒక్క కిలోమీటరు కూడా దక్కదు. సర్దడం ముగిసి అందరూ కూర్చున్న తరువాతే స్టార్టు చేయడం మంచిది.

అసలు సర్దడంలోనే హైవే మైలేజీలో కొంత భాగం తేలిపోతుంది. బ్యాటరీ వెనుక భాగంలో అమర్చబడి ఉండడం వల్ల ఈ కార్ల డిక్కీ చిన్నదవుతుంది. మామూలు హోండా సిటీలో 506 లీటర్లు ఉన్న డిక్కీ హైబ్రిడ్ సిటీలో 306 లీటర్లకు తగ్గడం ఇందుకు ఉదాహరణ. ఊరికి వెళ్లే కుటుంబానికి బట్టల సంచులు, పిల్లల సామాను, చుట్టాల కోసం కొన్నవి అన్నీ కలిసి ఆ చోటు చాలదు, దాంతో పైకప్పు మీద క్యారియర్ బిగించి మూటలు కట్టే ఆలోచన వస్తుంది. బరువు పెరగడం కంటే ఆ ఎత్తు పెరగడమే హైవే మీద ఎక్కువ నష్టం, ఎందుకంటే గాలికి ఎదురయ్యే వైశాల్యం పెరుగుతుంది, నున్నగా జారిపోవలసిన గాలి మూటల చుట్టూ సుళ్లు తిరుగుతుంది. అంతకంటే తక్కువమంది గమనించే విషయం మరొకటి ఉంది. చాలా హైబ్రిడ్ కార్లలో బ్యాటరీని చల్లబరచడానికి లోపలి ఏసీ గాలినే లాక్కునే జాలీ ఒకటి వెనుక సీటు కిందనో పక్కనో ఉంటుంది. డిక్కీలో పట్టని సంచులను వెనుక సీటు కాళ్ల దగ్గర కుక్కినప్పుడు, ఆ జాలీ మూసుకుపోతుంది. బ్యాటరీ వేడెక్కితే కంప్యూటర్ దాని వాడకాన్ని తగ్గిస్తుంది, బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చే శక్తిని స్వీకరించడమూ తగ్గిస్తుంది, హైబ్రిడ్ కాస్తా మామూలు పెట్రోలు కారులా మారిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే షోలాపూర్ ఎండలో ఇది పుస్తకాల్లో మిగిలిపోయే ప్రమాదం కాదు, మధ్యాహ్నం వేళ నిజంగానే ఎదురయ్యేది. జాలీ ముందు అరచెయ్యి పట్టేంత ఖాళీ వదిలితే చాలు.

టైర్లలో గాలి బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. డ్రైవరు తలుపు తీస్తే పక్కనున్న స్తంభం మీద అంటించిన కాగితంపై కారు నిండా మనుషులున్నప్పుడు ఉండవలసిన పీడనం విడిగా రాసి ఉంటే ఆ అంకెనే పాటించాలి. దారి మధ్యలో వేడెక్కిన టైరులో పీడనం పెరిగి కనిపిస్తుంది కానీ అప్పుడు గాలి తీసేయకూడదు.

2024 జనవరిలో ప్రారంభమైన అటల్ సేతు శివడీ నుంచి నవీ ముంబై వైపు 21.8 కిలోమీటర్లు సాగుతుంది, అందులో సుమారు 16.5 కిలోమీటర్లు సముద్రం మీదే. సిగ్నళ్లు లేవు, మలుపులు తక్కువ, కార్లకు గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ప్రయాణంలో మొట్టమొదటిసారి వేగం అందే చోటు కూడా ఇదే కనుక, పాదం దానంతటదే బరువెక్కుతుంది. ఇక్కడ బండిని వెనక్కు లాగే శక్తులు రెండు: టైర్లు రోడ్డు మీద నలుగుతూ దొర్లడం వల్ల కలిగే నిరోధం, గాలి నిరోధం. మొదటిది వేగంతో పెద్దగా మారదు. రెండోది వేగం వర్గం చొప్పున పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. సాధారణ పరిమాణం గల కారులో గంటకు 60, 70 కిలోమీటర్ల దగ్గర ఈ రెండూ ఇంచుమించు సమానంగా ఉండి, ఆ తరువాత గాలిదే పైచేయి అవుతుంది. 80 నుంచి 100కు పెంచితే వేగం పెరిగింది నాలుగో వంతే అయినా, గాలి నిరోధం 56 శాతం పెరుగుతుంది. ఇంజిను ఎంత నేర్పుగా తయారైనా, మోటారు ఎంత సాయపడినా ఈ లెక్క మారదు. హైవే మీద హైబ్రిడ్ యజమాని చేతిలో ఉన్న అతి పెద్ద పొదుపు సాధనం వేగమే, అది మామూలు కారు యజమాని చేతిలో ఉన్నదాని కంటే భిన్నమైనదేమీ కాదు.

కంపెనీలు ప్రకటించే మైలేజీ అంకెలకూ ఇదే వివరణ వర్తిస్తుంది. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు విడుదల సమయంలో ప్రకటించిన అంకె లీటరుకు 27.97 కిలోమీటర్లు. ఆ పరీక్ష రోడ్డు మీద జరిగేది కాదు, ప్రయోగశాలలో రోలర్ల మీద, ముందుగా నిర్ణయించిన వేగాల పట్టిక ప్రకారం జరిగేది. ఆ పట్టికలో అత్యధిక వేగం గంటకు 90 కిలోమీటర్లు, అదీ కొద్దిసేపే, మిగిలినదంతా ఆగుతూ సాగే నగర ప్రయాణాన్ని పోలి ఉంటుంది. హైబ్రిడ్‌కు అన్నివిధాలా అనుకూలమైన పరీక్ష అది. ఆ అంకెను హైవే మీద వంద వేగంతో పోల్చుకుని బాధపడడంలో అర్థం లేదు.

94.5 కిలోమీటర్ల ముంబై–పూణే ఎక్స్‌ప్రెస్‌వే మీద ఖోపోలి దాటాక బోర్ ఘాట్ మొదలవుతుంది. ఖోపోలి దగ్గర సముద్రమట్టానికి వంద మీటర్లలోపు ఎత్తులో ఉన్న రోడ్డు, ఇరవై కిలోమీటర్లలోపే లోనావలా దగ్గర ఆరు వందల మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఈ ఘాట్‌లో 2020 ఏప్రిల్‌లో కూల్చివేసేదాకా నిలిచి ఉన్న బ్రిటిష్ కాలపు వంతెనను అందరూ అమృతాంజన్ వంతెన అనే పిలిచేవారు, అక్కడ కనిపించే తలనొప్పి మందు ప్రకటన కారణంగా. ఆ మందును 1893లో ముంబైలోనే ప్రారంభించినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ఆంధ్రపత్రికను కూడా తొలుత ముంబై నుంచే వారపత్రికగా వెలువరించిన తెలుగువాడు ఆయన. ఊరికి వెళ్లే ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ వంతెన కిందుగా ఎక్కి దిగాయి.

ఐదుగురు మనుషులతో, సామానుతో సుమారు 1,600 కిలోలు తూగే కారును అయిదు వందల మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి 2 యూనిట్లకు పైగా శక్తి కావాలి. బ్యాటరీలో వాడుకోదగినది అందులో అయిదో వంతు కూడా లేదు. కాబట్టి ఘాట్ మొదట్లో మోటారు ఉత్సాహంగా తోస్తుంది, కొద్ది నిమిషాల్లో బ్యాటరీ గుర్తు కిందికి జారుతుంది, ఆ తరువాత ఇంజిను ఒక్కసారిగా పెద్ద శబ్దంతో తిరగసాగుతుంది. గేర్లు మారుతున్నట్టు తెలియని ఈ కార్లలో ఆ మోత కొత్తవారిని భయపెడుతుంది. బండి ఇబ్బంది పడుతోందనుకుని పాదం తీయడం, వేగం పడిపోగానే మళ్లీ గట్టిగా నొక్కడం చేస్తారు. ఆ మోత లోపం కాదు, కంప్యూటర్ ఇంజినును దాని శక్తి కావలసిన చోటులో నిలిపి ఉంచుతోందన్న సూచన. యాక్సిలరేటర్‌ను ఒకే చోట నిలిపి, ఎడమ వరసలో, బోర్డు మీది పరిమితికి లోబడి ఎక్కడమే తక్కువ ఖర్చు. లారీల వెనుక దగ్గరగా అతుక్కుని గాలి తగలకుండా నడిపే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. దానితో కలిసి వచ్చే పెట్రోలు నిజమే అయినా, ముందున్న లారీ బ్రేకు వేస్తే తప్పించుకునే దూరం ఉండదు కనుక అది పొదుపు పద్ధతుల్లో లెక్కించదగినది కాదు.

పూణే దాటాక దారి స్వభావం పూర్తిగా మారుతుంది. భిగ్వన్ దగ్గర భీమా నది మీది ఉజనీ జలాశయపు వెనుక నీళ్లను ఆనుకుని, ఇందాపూర్, టెంభుర్ణి, మోహోళ్ మీదుగా షోలాపూర్ వరకు సుమారు 250 కిలోమీటర్లు, అక్కడి నుంచి నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా హైదరాబాదుకు ఇంకో 300 కిలోమీటర్లు. పూణే ఎత్తూ హైదరాబాదు ఎత్తూ ఇంచుమించు సమానమే, రెండూ 550 మీటర్ల చుట్టుపక్కల ఉంటాయి, కానీ మధ్యలో భూమి నిలకడగా ఉండదు, ముఖ్యంగా షోలాపూర్ దాటిన తరువాత నెమ్మదిగా లేస్తూ దిగుతూ ఉంటుంది. హైవే మీద నడిపేవారి నేర్పుకు అసలు పరీక్ష ఈ 550 కిలోమీటర్లే.

ఇక్కడ చాలామంది చేసే పని, బ్యాటరీతో నడుస్తున్నట్టు చూపే ఆకుపచ్చ గుర్తు వెలిగేలా పాదాన్ని పదే పదే తేలిక చేయడం. ఆ గుర్తు వెలిగినంతసేపూ పెట్రోలు ఖర్చు కావడం లేదన్న తృప్తి కలుగుతుంది. కానీ చదునైన రోడ్డు మీద అలా ఖర్చయిన చేబదులును తరువాతి కిలోమీటర్లలో ఇంజినే తీర్చాలి, పెట్రోలు శక్తి విద్యుత్తుగా మారి, బ్యాటరీలో చేరి, మళ్లీ మోటారులో కదలికగా మారేలోపు ప్రతి మార్పు దగ్గరా కొంత వేడిగా పోతుంది. ఇంజిను నుంచి చక్రాలకు నేరుగా వెళ్లే శక్తి ఈ నష్టాలను తప్పించుకుంటుంది. హోండా కారులో హైవే వేగం అందుకోగానే ఇంజినును చక్రాలతో నేరుగా కలిపే క్లచ్ ఒకటి పనిచేయడం ఇందుకే. టయోటా పద్ధతిలో, గ్రహాల అమరికను పోలిన గేర్ల సముదాయం ఒకటి ఇంజిను శక్తిని రెండు పాయలుగా చీల్చి, ఎక్కువ భాగాన్ని నేరుగా చక్రాలకూ, మిగిలినదాన్ని జనరేటర్ ద్వారా మోటారుకూ పంపుతుంది. ఏ నిమిషానికి ఏది మేలో కంప్యూటర్ లెక్క వేసుకుంటుంది. నడిపేవారు ఆ లెక్కను చెడగొట్టకుండా ఉంటే చాలు.

ఈ కార్లలో చాలావాటికి ఇంజిను తిరుగుడు చూపే ముల్లుకు బదులు చార్జ్, ఎకో, పవర్ అని మూడు భాగాలున్న సూచిక ఉంటుంది. చదును మీద ముల్లును ఎకో భాగంలో నిలకడగా ఉంచడం, ఎత్తు వచ్చినప్పుడు వేగం నాలుగైదు కిలోమీటర్లు తగ్గినా తగ్గనిచ్చి, దిగుడులో అది దానంతటదే తిరిగి రానివ్వడం ఈ పీఠభూమికి సరిపడే పద్ధతి. క్రూయిజ్ కంట్రోల్, అంటే పెట్టిన వేగాన్ని కారే నిలబెట్టుకునే ఏర్పాటు, పూణే–షోలాపూర్ మధ్య చదునులో పాదం కంటే బాగా పనిచేస్తుంది. షోలాపూర్ దాటాక అది ప్రతి ఎత్తు మీదా అదే వేగం కోసం పట్టుబట్టి ముల్లును పవర్ భాగంలోకి తోస్తుంది కనుక అక్కడ దాన్ని తీసేయడమే మేలు. వేగం విషయానికి వస్తే, షోలాపూర్–హైదరాబాదు మధ్య 300 కిలోమీటర్లను నిలకడగా వంద వేగంతో వెళితే మూడు గంటలు, 85తో వెళితే మూడున్నర గంటలు పడుతుంది. ఆ అర గంట కోసం గాలి నిరోధాన్ని 38 శాతం ఎక్కువ భరించాలి. పెద్దవారు, చిన్న పిల్లలు ఉన్న కారులో ఎలాగూ రెండుసార్లు ఆగక తప్పదు కనుక, మధ్యాహ్నపు భోజనానికి పట్టే సమయంలో ఆ అర గంట కలిసిపోతుంది.

టోల్‌గేట్లు మాత్రం హైవే మీద హైబ్రిడ్‌కు దొరికే చిన్న నగరాలు. ఆపేటప్పుడు మోటారు జనరేటర్‌గా మారి కారు కదలికను విద్యుత్తుగా మార్చడాన్ని రీజెనరేటివ్ బ్రేకింగ్ అంటారు. వంద వేగంతో వెళ్తున్న 1,600 కిలోల కారులో దాదాపు 0.17 యూనిట్ కదలిక శక్తి ఉంటుంది. అయితే బ్యాటరీ ఒక్కసారిగా మింగగలిగే విద్యుత్తుకు పరిమితి ఉంది. టోల్‌గేటు దగ్గరకు వచ్చాక గట్టిగా బ్రేకు వేస్తే ఆ పరిమితి దాటినదంతా మామూలు బ్రేకుల డిస్కుల్లో వేడిగా పోతుంది. బోర్డు కనిపించగానే యాక్సిలరేటర్ వదిలి, తరువాత బ్రేకును తేలికగా, ఎక్కువసేపు నొక్కుతూ ముల్లును చార్జ్ భాగంలోనే ఉంచితే ఎక్కువ భాగం తిరిగి వస్తుంది, ఫాస్టాగ్ గేటు దాటి మళ్లీ కదిలేటప్పుడు ఆ శక్తే మొదటి తోపునిస్తుంది. ఊళ్ల దగ్గరి వేగనిరోధకాలకూ, అకస్మాత్తుగా రోడ్డు దాటే ట్రాక్టర్లకూ ఇదే ముందుచూపు పనికివస్తుంది.

తెలంగాణ నుంచి తరలి వచ్చిన పద్మశాలీల మగ్గాలతో పేరు తెచ్చుకున్న షోలాపూర్‌లో తెలుగు మాట వినడం కష్టం కాదు, దుప్పట్లు కొనకుండా వెళ్లడమే కష్టం. ఎండలో నిలిపిన కారును మళ్లీ తీసేటప్పుడు కొద్దిసేపు అద్దాలు దించి వేడిగాలిని బయటకు పంపి, ఆ తరువాత అద్దాలు మూసి ఏసీ వేయాలి. హైవే వేగంలో తెరిచిన అద్దాల వల్ల పెరిగే గాలి నిరోధం ఏసీ ఖర్చు కంటే తక్కువేమీ కాదు, బ్యాటరీకి చల్లగాలి అందదన్న నష్టం అదనం. పెట్రోలు పోయించుకోవడానికి ఇటీవలి సంవత్సరాల్లో తెలంగాణ కంటే ధర తక్కువగా ఉంటున్న కర్ణాటక బంకులు హుమ్నాబాద్ చుట్టుపక్కల అందుతాయి. నేడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే కనుక, పాత మైలేజీ అంకెలతో పోల్చేటప్పుడు ఆరేడు శాతం తేడా ఇంధనం వల్లనే రావచ్చు.

తిరుగు ప్రయాణంలో బోర్ ఘాట్ దిగేటప్పుడు హైబ్రిడ్ గురించి అందరూ మరచే విషయం బయటపడుతుంది. ఎక్కేటప్పుడు ఖర్చయిన 2 యూనిట్ల శక్తి ఇప్పుడు తిరిగి వస్తుందని అనుకోవడం సహజం. గాలికీ టైర్లకూ సగం పోయినా ఒక యూనిట్ దాకా మిగులుతుంది, కానీ దాన్ని దాచుకునే చోటే లేదు. ఘాట్‌లో కొన్ని మలుపులు దిగేసరికి బ్యాటరీ తన పరిమితి మేరకు నిండిపోతుంది, ఇక విద్యుత్ బ్రేకు పట్టు తగ్గి, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. నిండు బరువుతో పొడవైన దిగుడులో బ్రేకులు అదే పనిగా నొక్కితే డిస్కులు కాలి, పట్టు సడలే ప్రమాదం ఉంది. ఇందుకోసమే గేరు దగ్గర 'బి' అనే స్థానాన్ని కొన్ని కార్లలో ఏర్పాటు చేశారు. అందులో పెట్టినప్పుడు, బ్యాటరీ నిండిన తరువాత, ఇంజినులోకి పెట్రోలు పోకుండానే దాన్ని తిప్పుతూ అదనపు శక్తిని అరగదీస్తారు. ఇంజిను మోత మళ్లీ వినిపిస్తుంది కానీ ఈసారి చుక్క ఇంధనం కాలదు. ఖండాలా దాటి దిగుడు మొదలయ్యేలోపే వేగం తగ్గించుకుని 'బి'లోకి మార్చడం, బ్రేకును విడివిడిగా నొక్కి వదలడం, పరిమితికి లోబడి దిగడం ఇక్కడ పొదుపు కంటే ముందుగా చూసుకోవలసినవి. చదును రోడ్డు మీద మాత్రం 'బి'లో నడపకూడదు. యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ అది కారును అనవసరంగా వెనక్కు పట్టి, తేలికగా దొర్లిపోవలసిన దూరాన్ని తగ్గిస్తుంది.

ప్రయాణపు మైలేజీని తెర మీద కనిపించే సగటుతో కాక, ట్యాంకుతో లెక్కించడం నమ్మదగినది. బయలుదేరే ముందు బంకులో పంపు దానంతటదే ఆగేదాకా పోయించి, కిలోమీటర్ల అంకెను రాసుకుని, తరువాత పోయించిన ప్రతిసారీ లీటర్లు కూడుతూ, ఇల్లు చేరాక మళ్లీ అదే విధంగా, వీలైతే అదే బంకులో నింపి, తిరిగిన కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగిస్తే నిజమైన అంకె వస్తుంది. ఒక్క వైపు ప్రయాణాన్ని లెక్కించి తీర్పు చెప్పడం తగదు. ముంబై సముద్రమట్టం నుంచి హైదరాబాదు ఎత్తుకు చేరడానికే దాదాపు 0.7 లీటరు పెట్రోలు అదనంగా పడుతుంది. అంతకంటే పెద్ద తేడాను గాలి తెస్తుంది: వానాకాలంలో దక్కను మీద పడమటి గాలులు బలంగా వీస్తాయి కనుక, ఊరికి వెళ్లేటప్పుడు అవి వెనుక నుంచి తోస్తాయి, వచ్చేటప్పుడు ఎదురొస్తాయి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకు 15 కిలోమీటర్ల గాలి వెనుక నుంచి వీస్తే గాలి నిరోధం దాదాపు 31 శాతం తగ్గుతుంది, అదే గాలి ఎదురైతే 36 శాతం పెరుగుతుంది. జులైలో హైదరాబాదు దాకా ఎంతో బాగా నడిచిన బండి, అదే పాదంతో, అదే వేగంతో తిరిగి వచ్చేటప్పుడు తక్కువ ఇస్తే, రానూపోనూ మొత్తాన్ని కలిపి భాగించిన అంకెనే ఆ కారు మైలేజీగా తీసుకోవాలి.